ఆవిడ మానేసింది తిండి కాదు

తిండి మానేసి చచ్చిపోయిందని అంటున్నారు. నేను ఒప్పుకోను.

పోయిన నెల ఆవిడ జ్ఞాపకార్థ కూడికకి పటమట వెళ్ళాను. ఇంటి ముందు షామియానా కింద ఇనప కుర్చీల వరసలో ఆవిడ అత్తవారి తరఫు చుట్టం ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. కంకిపాడు నుంచి వచ్చాడట. తెల్ల లాల్చీ, చేతిలో విసనకర్ర. పలకరింపులు పూర్తికాకుండానే తీర్పు చెప్పేశాడు. "అంత నిండుగా ఉండే మనిషి చేజేతులా ఒళ్ళు తగ్గించుకుందమ్మా. పచ్చకామెర్లొస్తే తట్టుకోడానికి ఒంట్లో ఇంకేం మిగిలింది?" వెనక కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని అవునన్నారు.

నా నోరు ఊరుకునే రకం కాదు. కామెర్లు తాగే నీళ్ళలోంచి వస్తాయనీ, ఈ వానాకాలం ఆ వీధిలో లావుపాటి వాళ్ళకీ బక్కవాళ్ళకీ తేడా లేకుండా వచ్చాయనీ, మూలింట్లో వస్తాదులాంటి కుర్రవాడు కూడా పోయాడనీ చెప్పాను. "చదువుకున్నవాళ్ళు, మీకు మేం చెప్పగలమా?" అని ఆయన విసనకర్ర అటు తిప్పుకున్నాడు. మన దేశంలో ఆడదాని వాదనని ముగించడానికి ఇంతకంటే మర్యాదైన మాట లేదు. అక్కడ ఆగిపోయిన వాదన ఇక్కడ పూర్తి చేస్తాను.

ఆవిడ పేరు రాయను. ఆ ఇంట్లో ఆవిడ పేరుతో ఎవరికీ పని పడినట్టు నేను వినలేదు. వదినా, అక్కా, అమ్మా, ఏమే. వీటితోనే రోజులు గడిచిపోయేవి. నేను అక్కగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను పంతులమ్మా అనేది. నేను చెప్పేది కాలేజీలో అనీ, పంతులమ్మ అంటే చిన్నబడి వాళ్ళనీ ఒకసారి దిద్దబోయాను. "అక్కడ పిల్లలు నీ మాట వింటారా?" అని అడిగింది. వినరన్నాను. "అయితే పంతులమ్మవే" అంది.

డెబ్బైల మొదట్లో నేను పామర్రు నుంచి ఉద్యోగానికొచ్చి వాళ్ళింట్లో వీధి వైపు వాటాలో అద్దెకి దిగాను. ముప్పై దాటినా పెళ్ళి చేసుకోని ఆడదానికి వాటా ఇవ్వడానికి పటమటలో చాలామంది జంకారు. ఎందుకు చేసుకోలేదని ఏనాడూ అడగని మనిషి ఆ వీధిలో ఆవిడొక్కతే. వాళ్ళది ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బాగుచేసే షెడ్డుండేది. ఆవిడ పెద్దాయన భార్య.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుండేది. రాత్రి భోజనానికి ఇంటిపెద్ద ప్రార్థన చెయ్యాలి. ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టి, ఆమేన్ అనేదాకా పెద్దవాళ్ళెవరూ ముద్ద ముట్టకూడదు. పసిపిల్లలకీ, పక్షవాతంతో వెనక వసారాలో మంచం పట్టిన అత్తగారికీ మాత్రం మినహాయింపు. వాళ్ళ మావగారు పొలం చేసుకునే రోజుల్లో పొద్దుగుంకేసరికి అందరూ ఇల్లు చేరేవారట. అప్పుడది చక్కటి కట్టుబాటే అయ్యుంటుంది. ఆటోనగర్‌కొచ్చాక లారీ ఏ వేళకి తయారైతే మగాళ్ళు ఆ వేళకి వచ్చేవారు. ప్రార్థన వాళ్ళ కోసం కాచుకుని కూర్చునేది. ఆడవాళ్ళు ఆ ప్రార్థన కోసం కాచుకుని కూర్చునేవారు.

తీరా ప్రార్థనయ్యాక, రెండో ముద్ద దగ్గర షెడ్డు సంగతి వచ్చేది. రెండో ఆయనకి వేరుపడాలని ఉండేది. పెద్దాయన వల్లకాదనేవాడు. మూడో ఆయన ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ పక్షం. గోడకి ఇవతల జవాబు పేపర్లు దిద్దుకుంటున్న నాకు వాళ్ళ ఇంజన్ల లోపలి భాగాలన్నీ కంఠతా వచ్చేశాయి. చివరికి ఒకరు కంచం ముందుకు తోసి లేచేవారు. ఒకరు లేచాక కూర్చుని తింటే పరువు తక్కువ కనక మిగతా ఇద్దరూ లేచేవారు. తోడికోడళ్ళిద్దరూ తలనొప్పులని పడుకునేవారు. ప్రార్థన చేసిన అన్నం పారెయ్యడం పాపం. అందుకని ఆవిడ తినేది. పొద్దుటి నుంచీ ఉన్న ఆకలికి తన వాటా, మొగుడు వదిలేసిన కంచం, గిన్నెల్లో మిగిలిపోయిన పప్పూ పులుసూ. తిని, గిన్నెలు కడిగి, అత్తగారిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పి పడుకునేది.

ఆవిణ్ణి చూసి చుట్టాలు మురిసిపోయేవారు. పెద్దకోడలు ఎంత నిండుగా ఉందో, వాళ్ళది పెట్టుపోతల ఇల్లు అనేవారు. ఆ నిండుదనం నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేది. సాయంత్రానికి పాదాల మీద వేలు నొక్కితే గుంట పడేది.

ఒకరోజు పెరట్లో కళ్ళు తిరిగి నా వాటా వెనక మెట్ల మీద కూలబడింది. మగాళ్ళకి తీరిక లేదు కనక గవర్నరుపేటలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు ఆవిడ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, మళ్ళీ చూసి, ఏం తింటారమ్మా అని అడిగింది.

"నేనేం తింటానండీ. అందరూ తిన్నాక మిగిలింది."

"మిగిలేది ఎంతుంటుంది?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. "అది ఆ పూట పోట్లాటని బట్టండి" అంది.

డాక్టరు నవ్వలేదు. ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చిందా అని అడిగింది. వాళ్ళమ్మకి వచ్చిందట, అక్కకి వచ్చిందట. ఇంట్లో అత్తగారు ఉండనే ఉంది. "ఇలాగే ఉంటే ఆవిడ పక్కన ఇంకో మంచం వేసుకోవాల్సొస్తుంది. అన్నం తగ్గించండి, చీకటి పడేసరికి తినెయ్యండి, పొద్దున్నే నడవండి" అని మాత్రలు రాసిచ్చింది.

రిక్షా బందరు రోడ్డెక్కాక అంది. "మా అత్తకి నేనున్నాను పంతులమ్మా. నాకెవరున్నారు?" నేనేదో ఓదార్పు వెతుక్కుంటున్నాను. ఆవిడకది అక్కర్లేదు. "నాకా మంచం వద్దు" అంది. వంకాయలు వద్దన్నంత మామూలుగా అంది.

ఆ సాయంత్రం నేను పెరట్లో బట్టలు తీస్తున్నాను. ఇంకా వెలుగుంది. ఆవిడ వెనక వసారాలో అత్తగారికి మెత్తటి అన్నం తినిపించి, మూతి తుడిచి, ఆ మంచం పక్కనే పీట వాల్చుకుని తన కంచం పెట్టుకుంది. కాస్త అన్నం, తోటకూర పప్పు, దొండకాయ కూర, మజ్జిగ. తలమీద చెంగు కప్పుకుని కళ్ళు మూసుకుంది. పైకే చెప్పింది.

"తండ్రీ, అన్నం నువ్వే ఇచ్చావు. ఆకలీ నువ్వే ఇచ్చావు. రెండూ ఒక్క వేళకే ఇచ్చావు. ఆమేన్."

మంచం మీంచి ముద్దగా ఇంకో ఆమేన్ వినిపించింది. మూతి ఒక పక్కకి వంకరపోయిన ఆ ముసలావిడకి మాటలన్నీ పోయినా ఆ ఒక్క మాట మిగిలింది.

చిన్న తోడికోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఇరవయ్యేళ్ళ పిల్ల, చూసింది చూసినట్టు మోసుకెళ్ళడం తప్ప లోకం తెలియదు. మొగుడితో చెప్పింది, మొగుడు అన్నతో చెప్పాడు. పెద్దాయన రెండు మూడు రోజులు ఉడికిపోయి, ఒకనాడు షెడ్డు వదిలి పొద్దుండగానే ఇంటికొచ్చాడు. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలని వచ్చినవాడికి ఆకుపచ్చ చెయ్యి కనపడింది. ఆవిడ గోంగూర పచ్చడి కలుపుకుంటోంది.

"ఇంటిపెద్ద ప్రార్థన చెయ్యకుండా ఈ ఇంట్లో ఎవరన్నా తింటారా?" అన్నాడు. గొంతు వీధి దాకా వినపడింది.

"చేసే తింటున్నానండీ."

"ఎవరు చేశారు?"

"నేను చేశాను. మీ అమ్మ ఆమేనంది." ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు అడిగింది. "ఈ ఇంటికి ఆవిడ కంటే పెద్దెవరండీ?"

ఆయన తల్లి వంక చూశాడు. ముసలావిడ కూడా ఆయన వంకే చూసింది. ఆయన వచ్చిన దారినే షెడ్డుకి వెళ్ళిపోయాడు. నేను కాలేజీలో ఏళ్ళ తరబడి తర్కం గురించి వింటున్నాను, చెప్తున్నాను. ముద్ద కలుపుతూ అంత దిట్టంగా వాదించినవాళ్ళని మాత్రం చూడలేదు.

మిగిలిన సమస్య మిగిలిన అన్నమే. ఆవిడ ఎసట్లో బియ్యం తగ్గించింది. అయినా కంచాలు తోసుకుని లేచేవాళ్ళు లేస్తూనే ఉన్నారు. అలాంటి రాత్రి మర్నాడు పొద్దున ముగ్గురు మగాళ్ళూ ఫలహారానికి కూర్చుంటే, ముగ్గురి ముందూ మూత పెట్టిన కంచాలు వచ్చాయి. మూత తీస్తే రాత్రి ఎవరు వదిలింది వాళ్ళకే. పప్పు పులిసి బుడగలు కడుతోంది. "ప్రార్థన చేసిన అన్నం కదండీ, మళ్ళీ చెయ్యక్కర్లేదు" అని మంచినీళ్ళు పెట్టి వెళ్ళిపోయింది. ఎవరూ తినలేదు. కానీ పోట్లాట ఇంటి నుంచి లేచిపోయింది. ఇక్కడికి రాకముందే షెడ్డులో తేల్చుకోవడం మొదలుపెట్టారు. మా గోడ ఇవతల నాకు కాస్త వెలితిగానే ఉండేది.

నడక సంగతి చెప్పకపోతే మనిషి రూపం రాదు. కొడుకు స్కూల్లో డ్రిల్లుకని కొన్న తెల్ల కాన్వాసు బూట్లు ఆవిడకి సరిపోయాయి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, బూట్లు తొడుక్కుని, వానైనా ఎండైనా చంకలో గొడుగుతో, తెల్లారేసరికి బందరు కాలువ గట్టెక్కేది. నేను లేవకపోతే గొడుగు కర్రతో నా కిటికీ రెక్క తట్టేది. గట్టు మీద పాలవాళ్ళు సైకిళ్ళు ఆపి మరీ చూసేవారు. ఒక ముసలి పాలాయన మాత్రం నోరు పట్టలేక ఏమ్మా రైలందుకోవాలా అన్నాడు. "నేనెక్కేదేం లేదు పెద్దాయనా, ఒకటి తప్పించుకుంటున్నాను" అంది. ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ మంచం కనపడింది.

నడుస్తూ గుడిలో, చర్చిని వాళ్ళు గుడనే అనేవారు, పాడే కీర్తన ఒకటి పాడుకునేది. మొదట్లో పల్లవి దాటేసరికి ఆయాసమొచ్చి గొడుగు మీద వాలిపోయేది. కొన్నాళ్ళకి ఒక చరణం దాకా వచ్చింది. వేసవిలో కాలువ కట్టేసి అడుగున బురద పగుళ్ళు తేలే రోజులకి, కీర్తన మొత్తం ఊపిరి తెగకుండా పాడి, చరణానికీ చరణానికీ మధ్య నన్ను తిట్టడానికి కూడా గాలి మిగుల్చుకునేది. తూకం యంత్రం మీద ఆవిడ ఎప్పుడూ ఎక్కలేదు. ఆ పాటే ఆవిడ త్రాసు.

షెడ్డు విడిపోయినప్పుడు మాత్రం పాట తెగింది. పెద్దమనుషులు కూర్చుని, ముగ్గురన్నదమ్ములకీ పనిముట్లు పంచి వెళ్ళిన మర్నాడు పొద్దున గట్టు మీద పల్లవి దగ్గరే ఆగిపోయింది. ఏమైందన్నాను. సున్నుండల డబ్బా ఒకటి ఖాళీ చేసిందట. "నిన్న వాళ్ళ షెడ్డు తినేశాను పంతులమ్మా" అంది. సిగ్గుపడలేదు. కాసేపు నిలబడి, కాలువలో ఉమ్మేసి, మళ్ళీ పల్లవి నుంచి అందుకుంది. ఆ రోజు మేం మామూలు కంటే దూరమే వెళ్ళాం.

ఇల్లు విడిపోయింది ఆవిడ వల్లేనని చుట్టాలన్నారు. పెద్దకోడలు కంచం ముందే పెట్టుకుంది కనక అన్నదమ్ములు వేరుపడ్డారట. లారీ ఇంజన్ల వ్యాపారానికీ ఆవిడ దొండకాయ కూరకీ ఏం సంబంధమో నన్నెవరైనా ఒప్పించాలి. వాళ్ళ కాపురాన్ని కలిపి ఉంచడానికి ఒక ఆడమనిషి రక్తపోటు కావాలంటే, ఆ కాపురం విడిపోవడమే మంచిది. ఇదే మాట ఆ రోజుల్లో ఒక చుట్టంతో అన్నాను కూడా. మళ్ళీ నా వాటా వైపు రాలేదాయన.

ఒళ్ళు తగ్గుతున్నకొద్దీ ఆవిడ మీద ఊహాగానాలు ఎక్కువయ్యాయి. క్షయేమో అని ఒకరు, కడుపులో కాయేమో అని ఒకరు, మొగుడు కొడుతున్నాడేమో అని ఇంకొకరు. ఆవిడ పెళ్ళి ఉంగరం, సబ్బు పెట్టి లాగినా రానిది, ఒకరోజు అంట్లు తోముతుంటే జారి బూడిదలో పడింది. రెండో తోడికోడలు గుండెలు బాదుకుంది. "ఊడింది ఉంగరమే. మొగుడు ఊడలేదు, అదిగో అరుస్తున్నాడు" అని ఉంగరానికి దారం చుట్టి మళ్ళీ తొడుక్కుంది.

అన్నిటికంటే గొప్ప పొరపాటు గుడివాళ్ళు చేశారు. ఆడవాళ్ళ కూడికలో జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థించేటప్పుడు ఆవిడ పేరు కూడా చేర్చి, కన్నీళ్ళతో, ఆ చిక్కిపోయిన సహోదరిని ముట్టి బాగుచెయ్యమని వేడుకున్నారు. నన్ను కూడా తీసుకెళ్ళిన రోజే అది. ఆవిడ కళ్ళు తెరిచి లేచి నిలబడింది. "అక్కల్లారా, నన్ను ముట్టడం అయిపోయింది. నేను సాక్ష్యం చెప్తాను" అంది. చెప్పింది కూడా. మెట్ల దగ్గర మొదలుపెట్టి, పాదాల గుంటలూ, పులిసిన పప్పూ, కాలువ గట్టూ అన్నీ. నవ్వలేక, ఊరుకోలేక వాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. చివర్లో, రాత్రి మగాళ్ళ కోసం పస్తులుండి మిగిలింది తినేవాళ్ళు ఇక్కడ ఎవరున్నారో చేతులెత్తమంది. ఎవరూ ఎత్తలేదు. ఎవరూ కాదనలేదు కూడా.

ఆవిడేమీ దేవత కాదు. పరమ చాదస్తం. నా చెయ్యి పట్టుకుని జబ్బ నొక్కి చూసి, నిన్న ఆవకాయన్నం ఎంత తిన్నావని అడిగేది. పెళ్ళి బంతుల్లో పక్కన కూర్చున్న ఏ ముక్కూమొహం తెలియని ఆవిడకైనా మారు వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేది. తను మాత్రం ఆదివారం కోడికూర పులుసు దగ్గర అన్ని సూత్రాలూ మర్చిపోయేది. నిజం చెప్పాలంటే ఆ ఒక్కపూట కోసమే మిగతా వారం కష్టపడేదని నా అనుమానం.

ముసలావిడ పోయేదాకా ఆవిడే చూసింది. ఆ తరవాత ఆ మంచం పెరట్లో పడేయించింది. నవారు విప్పించి దొండపాదుకి పందిరిగా నిలబెట్టింది.

ఈ వానాకాలం కామెర్లతో పడుకుంది. వారం తిరిగేలోపే పోయింది. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు పచ్చబడ్డ కళ్ళతో నవ్వి, "తప్పించుకున్నాను చూశావా" అంది. అప్పుడు దుప్పటి సర్ది వచ్చేశాను. చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఆవిడ ఏ రోజూ తిండి మానలేదు. వేళకి, ఆకలేసినప్పుడు, కూర్చుని, ప్రార్థన చేసి తింది. మానేసింది వాళ్ళ పోట్లాటలు తినడం. అమ్మకీ, అక్కకీ, అత్తకీ పట్టిన మంచం ఆవిడకి పట్టలేదు. ఒకరి చేత ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పించుకోకుండా, పోయే వారం ముందు దాకా కీర్తన మొత్తం పాడుతూ కాలువ గట్టు మీద నడిచింది. ఇది ఓడిపోవడం అంటే, గెలవడం ఎలా ఉంటుందో ఆ లాల్చీ ఆయన నాకు చూపించాలి.

ఆ రోజు కూడిక చివర భోజనాలు. డేగిసాలు దించేశారు, ఆవిర్లు పోతున్నాయి. భోజనాల మీద ప్రార్థన చెయ్యాల్సిన పాస్టరు అయ్యగారు మధ్యలో ఇంకెక్కడికో వెళ్ళి ఇంకా రాలేదు. ఆయన రావాలి, ప్రార్థన అవ్వాలి, మొదటి బంతి మగాళ్ళది, తరవాత ఆడవాళ్ళది. పిల్లలు ఏడుస్తున్నారు. పెద్దాయన బుగ్గలు పీక్కుపోయి, గేటు వంక చూస్తూ కూర్చున్నాడు. చీకటి పడబోతోంది.

చిన్న తోడికోడలు, ఒకప్పుడు మోసుకెళ్ళిన పిల్లే, ఇప్పుడు ముగ్గురు బిడ్డల తల్లి, కాస్త ఒళ్ళు కూడా చేసింది, డేగిసా దగ్గరికెళ్ళి తనే కంచంలో అన్నం పెట్టుకుంది. తలుపులన్నీ బార్లా తీసి ఉండి షామియానా దాకా కనపడే వెనక వసారాలో, ఆ మంచం ఉండే చోట, పీట వాల్చుకుని కూర్చుంది. చెంగు తలమీదికి లాక్కుంది. షామియానాలో మాటలు ఒక్కటొక్కటిగా ఆగాయి.

"తండ్రీ, అన్నం నువ్వే ఇచ్చావు. ఆకలీ నువ్వే ఇచ్చావు." కంచం దగ్గరికి జరుపుకుంది. "రెండూ ఒక్క వేళకే ఇచ్చావు. ఆమేన్."

అది ఆమె మరిచిపోకుండా దాచుకున్న మాట. మంచం మీంచి జవాబిచ్చేవాళ్ళు ఇప్పుడు లేరు. నాకు ఏ దేవుడితోనూ పెద్ద పరిచయం లేదు. అయినా లేచి నిలబడి, గేటు దాకా వినపడేలా ఆమేన్ అన్నాను. విసనకర్ర ఆగింది. నా వెనక చెంగుల్లోంచి ఒకటి, తరవాత ఇంకొకటి వినిపించాయి. పెద్దాయన గేటు వైపు నుంచి తల తిప్పి వసారా వంక చూశాడు. మళ్ళీ గేటు వైపు తిప్పలేదు.

నేను కంచం తీసుకుని వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఒక్కొక్కరే ఆడవాళ్ళు వచ్చి వరసగా కూర్చున్నారు. తిండి మానేసిందని పేరుపడ్డ మనిషి కోసం వండిన అన్నం. వేడిగా ఉండగానే తిన్నాం.